చర్చి గోడ మీద చూసిన మనిషి

ఆమెను నేను మొదటిసారి చూసింది మా పాలెం చర్చి గోడ మీద. అప్పుడు నాకు పదేళ్ళు. ఇప్పుడు అరవై దాటాయి. ఆమె అమెరికాలో పెద్ద సినిమా తార. నేను పుట్టకముందే పేరు తెచ్చుకుని, నేను పలక పట్టేనాటికి తల్లి వేషాలకు దిగిన మనిషి. ఆమె పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లోనూ ఎవరూ ఆమెను పేరుతో పిలవరు. మా అమ్మ "నీ దొరసాని" అంటుంది. మా ఆయన "మీ పెద్దక్క" అంటాడు.

మా పాలెం హనుమంతునిపాడుకు దగ్గర, పెద్ద ఊరికి ఎడంగా. నాయన బావులు తవ్వే పనికి పోయేవాడు. అమ్మ కూలికి పోయేది. వాన పడితే సజ్జ, కంది, ఆముదం. పడకపోతే పనీ లేదు, పంటా లేదు. పాలెంలో గట్టి గోడలున్న ఇల్లు ఒక్కటే, అది చర్చి. వారం రోజులూ అదే మాకు బడి. ఆదివారం వాక్యం చెప్పే ఉపదేశే తక్కిన రోజుల్లో మాకు అక్షరాలు దిద్దించేవాడు. మిషను బడిలో ఎనిమిది దాకా చదివిన మనిషి. పాలెం మొత్తానికి ఇంగ్లీషు తెలిసినవాడు ఆయనే.

ఏడాదికి రెండుసార్లు మిషను దొరసానమ్మ జీపులో వచ్చి, జనరేటరు పెట్టి, సున్నం కొట్టిన చర్చి గోడ మీద ప్రభువు జీవితం బొమ్మలు వేసేది. ఆ ఏడు మాత్రం వేరే పెట్టె తెచ్చింది. ప్రభువు బొమ్మల రీళ్ళు ఇంకో ఊరికి పోయాయట. "ఇది ఒక పంతులమ్మ కథ. చెడ్డది గాదు, అందరూ చూడొచ్చు" అని ఉపదేశి ముందే చెప్పి, రేకు గొట్టం ఒకటి నోటి దగ్గర పెట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. బొమ్మ ఇంగ్లీషులో మాట్లాడితే ఆయన దాన్ని తెలుగులో చెప్పేవాడు.

కథ మాకు బాగానే అర్థమైంది. మా ఊళ్ళలాంటిదే ఒక మెట్ట ఊరు. ఎండిన నేల, దుమ్ము. రైలు దిగి ఒక ఆడమనిషి చేతిలో పెట్టెతో వస్తుంది. ఆ ఊరికి పంతులమ్మ. పశువుల కొట్టాన్ని బాగుచేసి, కూలివాళ్ళ పిల్లల్ని కూడా కూర్చోబెట్టి బడి పెడుతుంది. అది ఊరి పెద్దలకు గిట్టదు. నలుగురు కలిసి బడిలోకి వచ్చి, ఊరు విడిచి పొమ్మంటారు. ఆమె కుర్చీలోంచి లేచి, వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ నెమ్మదిగా ఒక్క మాట అంటుంది.

ఉపదేశి గొట్టంలో అరిచాడు: "నేను ఎక్కడికీ పోను! ఇక్కడే ఉంటాను! అంటా ఉంది."

పిల్లకు పాలిస్తున్న మా పిన్నమ్మ కూడా తల ఎత్తి చూసింది.

ఇంకో రీలు మిగిలి ఉండగానే జనరేటరులో నూనె అయిపోయింది. గోడ మళ్ళీ ఉత్త గోడ అయింది. "తర్వాత ఏమయింది? చెప్పు, ఉపదేశీ!" అని అందరూ కేకలు. ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. "ఏమైతది? ఆమె యాడికీ పోలేదు. ఆ ఊళ్ళోనే ఉండిపోయి, ఆ పిల్లలందరికీ చదువు చెప్పింది. వాళ్ళంతా పెద్ద ఉద్యోగాల్లోకి పోయినారు. ఆమెన్" అన్నాడు. జనం ఆమెన్ అని లేచి ఇళ్ళకు పోయారు.

నన్ను పట్టుకున్నది ఆ మాట ఒక్కటే కాదు. ఆమె నడక. ఆమె ఆ ఊరి వీధిలో నడుస్తుంటే వీపు నిలువుగా, గడ్డం కొంచెం పైకి, చూపు సూటిగా ముందుకు. మా వాళ్ళు పెద్ద ఊళ్ళోకి పోతే చెప్పులు చేతిలోకి వచ్చేవి, తల కిందికి పోయేది. మొగవాళ్ళు భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవాళ్ళు. మరో విధంగా కూడా నడవొచ్చని నాకు అంతవరకు ఎవరూ చూపలేదు.

మరుసటి వారం అమ్మతో పాటు ఊళ్ళోకి పోతూ నేను ఆమెలా నడిచాను. కూలి ఇచ్చే ఇంటావిడ అరుగు మీది నుంచి చూసింది. "ఏందే, నీ బిడ్డ అట్ల నడుస్తాంది? మెడ పట్టేసిందా?" అంది. అమ్మ నవ్వినట్టు ముఖం పెట్టి నా తలను చేత్తో కిందికి వంచింది. ఇంటికి వచ్చాక కందికట్టెతో కొట్టింది. కారణం చెప్పలేదు. నేను ఏడుస్తూనే, ఆ ఊళ్ళో అయితే అట్ల నడవగూడదేమో, ఇంకో ఊళ్ళో అయితే నడుస్తా అనుకున్నాను. ఆ ఇంకో ఊరు ఏదో నాకు తెలియదు.

అది మార్కాపురం అయింది. ఆరో తరగతికి నన్ను అక్కడి హాస్టలులో చేర్చారు. హాస్టలు ఎదుట ఒక ముసలాయన దుకాణం ఉండేది. పిల్లలమందరం ఆయన్ను చాచా అనేవాళ్ళం. వేయించిన శనగలు, బెల్లం, పెన్సిళ్ళు. ఒకరోజు శనగల పొట్లం విప్పితే కాగితం నుంచి ఆమె నా వైపు చూస్తోంది. అదే ముఖం, అదే గడ్డం. కింద ఇంగ్లీషులో రెండు వరసలు. శనగలు లంగా ఒళ్ళో పోసుకుని, కాగితం నలగకుండా పట్టుకుని దుకాణానికి పరుగెత్తాను.

"చాచా, ఈ కాగితం యాడిది?"

"మిషను బంగళా మూసేసినారు గదా బేటీ. పాత పుస్తకాలన్నీ తూకానికి అమ్మినారు. అదో, ఆ మూల ఉండాయి."

"ఈమె బొమ్మ ఉన్న కాగితాలు పొట్లాలు కట్టకుండా నాకు ఇస్తావా?"

చాచా కళ్ళద్దాలు పైకి జరిపి కాగితం చూశాడు, నన్ను చూశాడు. "ఈమె మీ చుట్టమా ఏంది?"

"ఊఁ" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ ఏడంతా పొట్లాలు కట్టేముందు ప్రతి కాగితం తిప్పి చూశాడు. దొరికినప్పుడల్లా "బేటీ, మీ చుట్టం వచ్చింది" అని కేకేసేవాడు. అట్లా పదకొండు కాగితాలు పోగయ్యాయి. ఒకదాంట్లో గుర్రం పక్కన నిలబడి ఉంది. ఇంకోదాంట్లో వంటింట్లో ఏప్రన్ కట్టుకుని కూరగాయలు తరుగుతోంది. వాటి కింద ఏం రాసిందో నాకు తెలియదు. చదవగలిగేదాకా ఎవరినీ అడగకూడదని పట్టుబట్టాను. అడిగితే ఉపదేశిలా ఎవరో ఒకరు చెప్పేస్తారు. అప్పుడది నేను చదివినట్టు కాదు.

ఇంత పట్టుదల పట్టిన నేను పదో తరగతి తప్పాను. అదీ ఇంగ్లీషులో. ఇప్పటికీ ఎవరికైనా చెబితే నమ్మరు. నాయనకు ఆ ఏడు చేతి ఎముక విరిగి పని లేదు. "సదివింది చాల్లే పాపా" అని అమ్మ నన్ను మార్కాపురంలోనే పలకల ఫ్యాక్టరీలో పెట్టింది. మా దూరపు అత్త ఇంట్లో ఉండి పనికి పోయేదాన్ని. గనుల నుంచి వచ్చిన రాయిని మొగవాళ్ళు పలచగా చీల్చేవాళ్ళు. మేము ఆడవాళ్ళం నున్నగా రుద్ది, చెక్క చట్టాలు బిగించేవాళ్ళం. సాయంత్రానికి కనుబొమలు కూడా బూడిదరంగుకు తిరిగేవి.

అంచు విరిగిన పలకలు పక్కన కుప్పగా పోసేవాళ్ళు. అన్నం తినే వేళ ఆ కుప్ప దగ్గర కూర్చుని, నా పదకొండు కాగితాల్లోని మాటలు ఒక్కొక్కటి విరిగిన పలక మీద రాసి, చెరిపి, మళ్ళీ రాసేదాన్ని. పాత నిఘంటువు ఒకటి హాస్టలు వార్డెనమ్మ ఇచ్చింది. మేస్త్రి చూసి, "ఏందమ్మా, పలకలు జేసేదానివా, పలకల మీద రాసేదానివా?" అన్నాడు.

"రెండూ చేస్తా మేస్త్రీ. అన్నం టైములోనే గదా" అన్నాను.

ఆ ఏడాది చివరికి కాగితాలన్నీ చదివేశాను. గుర్రం బొమ్మ కింద ఉన్నది గొప్ప సంగతేం కాదు. ఆ గుర్రానికి ఆమె అంటే భయమట, ఆమెకు గుర్రమంటే భయమట. పలకల కుప్ప దగ్గర ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వాను. ఒకరు చెప్పకుండా ఇంగ్లీషులో నాకు నేనుగా అర్థం చేసుకుని నవ్వింది అదే మొదలు. మార్చిలో మళ్ళీ పరీక్ష రాశాను. ఈసారి తప్పలేదు. తర్వాత ఇంటరు, ట్రైనింగు, టీచరు ఉద్యోగం. గిద్దలూరు దగ్గర ఒక ఊళ్ళో మొదటి పోస్టింగు. బడిలోకి మొదటిరోజు ఎట్లా నడవాలో నాకు ముందే తెలుసు. ఆ నడక అద్దం ముందు ఎన్నిసార్లు నడిచానో దేవుడికే తెలుసు.

మా ఆయన గిద్దలూరు బస్సులో కండక్టరు. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు గోడకు అంటించిన ఆమె బొమ్మ చూసి, "ఈమె ఎవరండీ?" అని అడిగాడు. నాకు ఇంగ్లీషు నేర్పిన మనిషి అని చెప్పాను. "మరి ఈమెక్కూడా నేను నచ్చాలా?" అన్నాడు. నాకు మనిషి నచ్చాడు.

ఆమె చనిపోయినప్పుడు నేను కంభంలో పనిచేస్తున్నాను. స్టాఫ్ రూములో ఇంగ్లీషు పేపరు తిరగేస్తుంటే, లోపలి పేజీలో అరచేతి పాటి వార్త. ఎనభై దాటాక, నిద్రలో పోయిందట. ఒక పూట సెలవు చీటీ రాసి, కారణం దగ్గర "దగ్గరి మనిషి మరణం" అని రాశాను. ఇంటికి పోకుండా చెరువు కట్ట మీద చాలాసేపు కూర్చున్నాను. నీళ్ళు ఆ ఏడు నిండుగా ఉన్నాయి. నేను ఏడ్చింది ఎవరి కోసమని అడిగితే చెప్పలేను. నేను ఉన్నట్టు కూడా ఆమెకు తెలియదు.

సాయంత్రం మా హెడ్మాస్టరు పరామర్శకు ఇంటికి వచ్చారు. నేను గాభరా పడ్డాను. మా ఆయన ఆయనకు కుర్చీ వేసి, టీ ఇచ్చి, తల వంచుకుని, "అవున్సార్. పెద్దావిడ. చాలా దూరంగా ఉండేది. చివరి చూపు కూడా దొరకలేదు" అన్నాడు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. హెడ్మాస్టరు వెళ్ళిపోయాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వాం. తర్వాత నేను మళ్ళీ ఏడ్చాను. ఆయన గిన్నెలు కడిగాడు.

నేను పదేళ్ళప్పుడు చూసిన ఆ సినిమా మాత్రం మళ్ళీ నా కంట పడలేదు. దాని పేరు నాకు తెలియదు. దొరసానమ్మ ఎప్పుడో వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఉపదేశి చనిపోయాడు. ఆమె నటించినవి ఎన్నో ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు దొరికినప్పుడు దొరికినట్టు చూశాను. రిటైరై మార్కాపురంలో ఇల్లు పెట్టుకున్నాక, కావాలనే కూర్చున్నాను. ఇంటర్నెట్‌లో ఉన్నవన్నీ వరసబెట్టి చూడడం, అది కాదని తేలితే పుస్తకంలో దాని పేరు మీద గీత కొట్టడం. మా ఆయన "ఈ పొద్దు మీ పెద్దక్క దొరికిందా?" అని అడిగేవాడు. రెండేళ్ళు దొరకలేదు.

దొరికినరోజు మధ్యాహ్నం మూడు గంటలు. ఎవరో పెట్టిన పాత ప్రింటు, గీతలు పడి, మాట గరగరలాడుతూ. రైలు ఆగింది. పెట్టె పట్టుకుని ఆమె దిగింది. నేను లేచి నిలబడ్డాను.

బడి సీను వచ్చింది. నలుగురు పెద్దలు లోపలికి వచ్చారు. ఆమె కుర్చీలోంచి లేచింది. యాభై ఏళ్ళుగా నా చెవిలో ఉన్న మాట కోసం ఊపిరి బిగబట్టి విన్నాను. ఆమె ఆ మాట అనలేదు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. నాలుగుసార్లు విన్నాను. ఆమె అన్నది ఇదీ: "టోపీలు తీయండి. ఇది బడి."

అంతే. పోతాననీ అనలేదు, పోననీ అనలేదు. ఆ నలుగురూ ఒకరినొకరు చూసుకుని, ఒక్కొక్కరే టోపీ తీశారు. ఉపదేశికి ఆ మాట అంది ఉండదు. అందని చోట తనకు తోచింది చెప్పాడు. నేను నమ్ముకున్న మాట కంటే ఇది పెద్ద మాట.

కానీ సినిమా అక్కడితో అయిపోలేదు. జనరేటరు ఆగిపోవడం వల్ల మేము చూడని రీలు ఉంది. అందులో ఆమె బడి తాళంచెవి పోస్టుమాస్టరు చేతిలో పెట్టి, రైల్వే ఇంజనీరు ఒకతన్ని పెళ్ళి చేసుకుని, అదే రైలెక్కి వెళ్ళిపోతుంది. కిటికీలోంచి నవ్వుతూ చెయ్యి ఊపుతుంది. సంగీతం. సమాప్తం.

మూడు రోజులు నేను ఆ లాప్‌టాప్ మూత తీయలేదు. మా అమ్మ ఇప్పుడు మాతోనే ఉంటుంది. ఎనభై దాటింది, చూపు, వినికిడి బాగానే ఉన్నాయి. నన్ను చూసి, "ఏందట నీ బాధ?" అని మా ఆయన్ను అడిగింది. "వాళ్ళ పెద్దక్క లేచిపోయిందత్తా" అన్నాడు ఆయన. నాకు కోపం వచ్చింది. తర్వాత అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ రోజుల్లో సినిమా కంపెనీ రాసిచ్చిన కథలో కంపెనీ చెప్పినట్టు నటించాలి. ఆ చివరి రీలు ఆమె రాసింది కాదు. పంతులమ్మ పెళ్ళి చేసుకుని పోతేనే జనం టిక్కెట్టు కొంటారని ఎవరో అనుకుని ఉంటారు. ఆమె చేతిలో ఉన్నది నిలబడడం, నడవడం, ఆ మాట అనడం. అవి ఆమె చేసింది. చేసినవి నేను చూశాను.

నాలుగోరోజు ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ సినిమా మా పాలెం మళ్ళీ చూడాలి. ఈసారి మొత్తం చూడాలి. అందులో ఏముందో అదే తెలుగులో తెలియాలి.

తెలుగు అక్షరాలు బొమ్మ కింద పడేట్టు చేయడం ఎట్లాగో నేనే నేర్చుకున్నాను. ఎన్ని వీడియోలు చూశానో లెక్కలేదు. ఒక్కో మాట ఏ క్షణంలో మొదలై ఏ క్షణంలో ఆగుతుందో చూసి రాయాలి. గరగరలో మాట వినపడకపోతే పది పదిహేనుసార్లు వినాలి. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు. ఏడు నెలలు పట్టింది. అయిపోయిందనుకున్న రోజు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వేసి చూపించాను. అమ్మ కాసేపు చూసి, నా వైపు తిరిగింది.

"కింద ఏందో చీమలు పోతాండాయి పాపా."

"అవి అక్షరాలమ్మా. వాళ్ళు మాట్లాడేది తెలుగులో రాసినా."

"నాకు చదువొచ్చా?"

తల మీద నీళ్ళు కుమ్మరించినట్టయింది. జీవితమంతా టీచరుగా పనిచేసి, ఆ ఒక్క సంగతీ మరిచాను. ఆనాడు గోడ ముందు కూర్చున్నవాళ్ళలో బతికి ఉన్న ఆడవాళ్ళు పదిమందో పన్నెండుమందో. వాళ్ళలో చదవగలిగినవాళ్ళు ఇద్దరు. ఎవరికోసం చేశానో వాళ్ళకు పనికిరాని పని చేశాను.

అమ్మ మాత్రం బొమ్మ మీది నుంచి చూపు తిప్పలేదు. ఆమె వీధిలో నడుస్తున్న చోటు అది. "ఈ నడకే గదా నువ్వు నడిచింది" అంది మెల్లగా. "ఆ పొద్దు నిన్ను కొట్టింది నడక బాగలేక గాదు పాపా. నేను కొట్టకపోతే వాళ్ళు కొడతారేమోనని."

అమ్మ చెయ్యి పట్టుకుని సినిమా చివరిదాకా కూర్చున్నాను.

మరుసటి రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి గొంతుతో. మాటలన్నీ తెలుగులో మేమే చెప్పి రికార్డు చేయాలి. ఆడవాళ్ళ మాటలన్నీ నావి. మొగవాళ్ళవి అన్నీ మా ఆయనవి. బయట ఆటోల మోత వినపడకుండా గదికి బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చెప్పేవాళ్ళం. ఆయన నలుగురు పెద్దలకూ ఒకటే గొంతు పెట్టాడు.

"కొంచెం గొంతు మార్చండి. నలుగురూ మీలాగే ఉన్నారు."

"ముప్పై ఏళ్ళు బస్సులో ఒకటే గొంతు టీచరమ్మా. ఇప్పుడు నాలుగు యాడి నుంచి తేవాలి?"

చివరికి ఒకడికి ముక్కుతో, ఒకడికి నోట్లో వక్క పెట్టుకుని చెప్పాడు. రైలు కదిలే చోట నాకు చెప్పకుండా "రైట్ రైట్" అన్నాడు. తీసేయమన్నాను. తీయలేదు.

రెండు చోట్ల మాత్రం నేను ఆగాను. చివరి రీలు దగ్గర మా ఆయన, "ఉపదేశి చెప్పిందే చెప్పేద్దాం. ఆ రీలు కోసేద్దాం. ఎవరికి తెలుస్తది?" అన్నాడు. ఒక పూటంతా ఆలోచించాను. ఉపదేశి నోటితో విన్న ముగింపు లేకపోతే నేను ఇక్కడిదాకా వచ్చేదాన్ని కాదేమో. అయినా వద్దన్నాను. వాళ్ళకు చదువు రాకపోవచ్చు. మనకు తెలిసింది వాళ్ళ దగ్గర దాచకూడదు. ఇక బడి మాట దగ్గర, టోపీ అంటే మా వాళ్ళకు అర్థమవుతుందా, తువ్వాలు అనాలా అని సందేహం వచ్చింది. టోపీలు బొమ్మలో కనబడుతున్నాయి కదా, ఉన్నది ఉన్నట్టే చెబుదాం అనుకున్నాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం, చర్చిలో వేశాం. పాత చర్చి స్థానంలో ఇప్పుడు స్లాబు కట్టడం ఉంది. కిటికీలకు దుప్పట్లు కట్టాం. బళ్ళో వాడే ప్రొజెక్టరు ఒకటి తెచ్చాం. పాలెం ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. అమ్మను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టాను. పొదిలి నుంచి ఉపదేశి కూతురు కూడా వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, నేను అక్కా అంటాను. నేనే పిలిచాను. ఆమెకు విషయం ముందే చెప్పాలనుకున్నాను గానీ, ధైర్యం చాలలేదు.

మా ఆయన ముక్కు గొంతుకు పకపకా నవ్వారు. తర్వాత బడి సీను వచ్చింది. తెర మీద ఆమె లేచింది. నా గొంతు అంది: "టోపీలు తీయండి. ఇది బడి."

మొదటివాడు టోపీ తీశాడు. రెండోవాడు తీశాడు. మూడోవాడు తీస్తుండగా, వెనక నుంచి ఒక ముసలామె గట్టిగా అంది: "తీయించింది చూడే! మన మొగోళ్ళు తువ్వాల తీసినట్టు, వాళ్ళ చేత తీయించింది చూడు!" చర్చి అంతా ఒక్కసారిగా చప్పట్లు. మొగవాళ్ళు కూడా కొట్టారు. నేను ఏమీ వివరించనక్కరలేకపోయింది.

చివరి రీలుకు మాత్రం పెద్ద రభస అయింది. ఆమె రైలెక్కగానే, "ఏందిది, పోతాంది?" అని ఒకరు. "పోక ఏం జేస్తది? ఆ ఊళ్ళో ఎవురన్నా ఆమెకు ఒక పూట అన్నం పెట్టినారా?" అని ఇంకొకరు. "పెండ్లి చేసుకుని గూడా చదువు చెప్పొచ్చు గదా, మన టీచరమ్మ చెప్పలా?" అని మా పిన్నమ్మ కూతురు. టీ తాగుతూ కూడా తగువాడుకున్నారు. సినిమా గురించి మా పాలెం ఆడవాళ్ళు అంతసేపు మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు.

అందరూ బయటికి పోయాక ఉపదేశి కూతురు నా దగ్గరకు వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది.

"మా నాయన ఇట్ల చెప్పలేదు గదమ్మా. ఆ పొద్దు నేనూ ఉన్నా. ఆమె యాడికీ పోలేదని చెప్పినాడు. అంటే ఆయన అబద్ధం చెప్పినాడా?"

"లేదక్కా. చివరి రీలు ఆయన గూడా చూడలేదు. నూనె అయిపోయింది, గుర్తుందా? జనం అడిగినారు. ఆయన చెప్పకుండా పంపించలేకపోయినాడు."

"తప్పు చెప్పినాడని అందరూ అనుకుంటారేమో."

"ఆయన చెప్పింది విని నేను టీచరునైనా. నాకు అక్షరాలు దిద్దించింది గూడా ఆయనే. ఈ మాట వాళ్ళందరికీ ఇప్పుడే చెబుతా, రా" అన్నాను. అరుగు మీద ఇంకా కూర్చుని ఉన్న ఆడవాళ్ళ దగ్గరకు ఆమెను తీసుకుపోయి, అదే మాట గట్టిగా చెప్పాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని నా పక్కన కూర్చుంది. "మా మనవరాళ్ళకు గూడా చూపిస్తా. నా ఫోనుకు పంపించు" అంది.

ఫోనులో పోలేదు, అంత పెద్దది పోదట. మరుసటి వారం పెన్‌డ్రైవులో వేసుకుని, మా ఆయనా నేనూ బస్సెక్కి పొదిలి పోయాం. ఆమె కొడుకు ఇంట్లో టీవీకి తగిలించి వేశాం. ఆమె మనవరాళ్ళు ఇద్దరూ ఇంటరు చదువుతున్నారు. మా తెలుగులో ఒకసారి చూశాక, తెలుగు ఆపేసి, ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు వింటామన్నారు. కొంతసేపు అట్లా చూశారు. ఒక మాట దగ్గర పెద్దది ఆపమంది. "అవ్వా, ఇక్కడ మీరు తప్పు చెప్పినారు. ఆమె 'రేపు' అనలేదు, 'తర్వాత' అన్నది."

వెనక్కి జరిపి విన్నాను. ఆ పిల్ల చెప్పిందే నిజం. పుస్తకం తీసి రాసుకున్నాను. ఇంటికి వచ్చి గదికి మళ్ళీ బొంతలు కట్టాం.